చివరి గుండీ

పొద్దున్నే మా ప్రత్యేక అవసరాల పిల్లల తరగతిలో మొదటి పాఠం చొక్కా గుండీలు. ఎదురుగా పదకొండేళ్ల పిల్లాడు. పై గుండీలన్నీ నేనే పెడతాను. చివరిదాన్ని కాజాలో సగం దూర్చి వదిలేస్తాను. వాడు నాలుక కొరుక్కుంటూ, వేళ్ల కొసలతో తడుముతూ లాగుతాడు. జారిపోతుంది. మళ్లీ పట్టుకుంటాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన విద్య ఆ నిలబడటమే.

ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం మా శిక్షణలో మొదట నేర్పుతారు. కొన్ని పనుల్ని చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతాం. మొదటి మెట్టు దగ్గర మొదలుపెడితే పిల్లాడు సగంలో ఆగిపోతాడు, పూర్తిచేసేది టీచరు. చివరి మెట్టు వాడికిస్తే రోజూ పని ముగించేది వాడే. ఆ రుచి మరిగాక దాని వెనక మెట్టు ఇస్తాం. ఈ పిల్లాడికి ఆ ఒక్క గుండీకే ఏడు వారాలు పట్టింది.

సంక్రాంతి సెలవులయ్యాక వచ్చి చేతులు కిందికి వేలాడేసి, నా ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "ఇంటినిండా చుట్టాలు మేడమ్, తొందరలో నేనే పెట్టేశాను" అంది వాళ్లమ్మ. ఆమెను ఏమనగలను? తరగతిలో పిల్లలు ఎక్కువైన రోజున నేనూ అదే చేశాను.

ఓపిక పట్టాలంటే టీచరుకి తీరిక ఉండాలి. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. ఒక్కో పిల్లాడి పక్కన మేం నిలబడగలిగే నిమిషాలు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. ఖాళీ పోస్టులు నింపమని మేం మళ్లీ మళ్లీ అడిగేది అందుకే. మాకున్న ఏళ్లకూ ఒక హద్దు ఉంది: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య హక్కు ఇచ్చింది 18 ఏళ్లు వచ్చేదాకా. ఆ తర్వాత వాడికి తోడుండేది చేతికొచ్చిన పనే.

అమ్మలకీ, నాయనమ్మలకీ, అమ్మమ్మలకీ నాదొక్కటే మనవి. రేపు పొద్దున పిల్లాణ్ణి ఐదు నిమిషాలు ముందు లేపండి. పై గుండీలన్నీ మీరే పెట్టండి. చివరిది మాత్రం వాడికి వదిలేయండి.