తెర లేని బొమ్మలాట

వీడియో ఆర్ట్ అనగానే కడపలో నా మిత్రులు అడిగే మొదటి ప్రశ్న: "అంటే సినిమానేనా?" కాదు. నళినీ మలానీ పని గురించి చెప్పాలంటే నేను తోలుబొమ్మలాట దగ్గర మొదలుపెడతాను. సీమవాళ్లకు అదే దగ్గరి దారి.

తోలుబొమ్మ సంగతి మనకు తెలిసిందే. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులేసి, తెల్లటి తెర వెనక దీపం ముందు ఆడిస్తారు. మలానీ 'ట్రాన్స్‌గ్రెషన్స్' (2001)లోనూ, 2012లో జర్మనీలో డాక్యుమెంటా ప్రదర్శనకు చేసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్'లోనూ వాడిన పద్ధతి దీనికి చుట్టమే. మైలార్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్‌ను గొట్టాల్లా చుట్టి, దాని మీద బొమ్మలేసి, పైనుంచి వేలాడదీసి మెల్లగా తిప్పుతారు. ప్రొజెక్టర్ల వెలుతురు వాటి గుండా పోతుంది. వీడియో దృశ్యాలూ, ఈ నీడలూ గోడల మీద ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఒక్క తేడా ఉంది. తోలుబొమ్మలాటలో కథ తెరకు అటు, మనం ఇటు. ఇక్కడ అలాంటి తెర లేదు. గదిలోకి వచ్చినవాళ్ల నీడలు కూడా గోడ మీద పడతాయి. గోడ మీద హింస నడుస్తుంటే మన నీడ అందులోనే తిరుగుతుంటుంది. ఆమె కళ అంతటికీ ఇదే ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

ఇది ఊరికే వచ్చిన ఆలోచన కాదు. ఆమె 1946లో కరాచీలో పుట్టారు. మరుసటి ఏడే దేశవిభజన. కుటుంబం ఇటు వచ్చేసింది. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుతూ, 1969లో అక్బర్ పదమ్సీ నడిపిన విజన్ ఎక్స్‌ఛేంజ్ వర్క్‌షాప్‌లో కెమెరా పట్టారు. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత, మంటో కథ ఆధారంగా 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్' చేసినప్పుడు టీవీలను రేకు ట్రంకుపెట్టెల్లో పెట్టారు. ఇల్లు వదిలి పోయేవాడు చేతపట్టుకునేది ఆ పెట్టెనే కదా! బాంబు వార్తను ఆ పెట్టెలో పెట్టి చూపడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

2005లో వెనిస్‌లో చూపిన 'మదర్ ఇండియా' ఇంకో మెట్టు పైన ఉంటుంది. వీణా దాస్ వ్యాసం దానికి ప్రేరణ. విభజననాటి ఆడవాళ్ల గాయాన్నీ, 2002 గుజరాత్‌నూ ఐదు తెరల మీద పక్కపక్కన పెట్టారు.

ఫుకుయోకా (2013), జోన్ మిరో (2019), క్యోటో (2023) బహుమతులు వచ్చాయి కాబట్టి అంతా మెచ్చుకోవాలని లేదు. నా పేచీ ఒకటుంది. కసాండ్రా, మెడియా, ఆలిస్, ఫైజ్, మహాశ్వేతాదేవి — ఒక్కోసారి ఒకే గదిలో ఇంతమంది గుమిగూడతారు. తోలుబొమ్మలాటకు వచ్చినవాడికి కథ ముందే తెలుసు. ఇక్కడ పుస్తకాలు చదవనివాడికి కేటలాగే కథకుడు కావాలి. పైగా ఈ గదులు మనకు దూరం. నేను చూసినవి రికార్డింగులే. వాటిలో పడని ఒకే ఒక్క నీడ నాది.

అందుకే ఆమె ఐప్యాడ్ మీద వేలితో గీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతూ వచ్చిన చిన్న యానిమేషన్లంటే నాకు ఇష్టం. కఠువాలో 2018లో హత్యకు గురైన ఎనిమిదేళ్ల పాప గురించిన వేదన వాటిలో ఉంది. అలాంటి 88 యానిమేషన్లను కలిపి 'కెన్ యు హియర్ మీ?' చేశారు. కోపంతో గీసి, చెరిపి, మళ్లీ గీసిన గీతలవి. అవి కడపలోని ఫోనుకూ చేరతాయి.

మనకు వీటితో ఏం పని? పని ఉంది. ఫ్యాక్షన్ పేరుతో మన సీమను తెరకెక్కించిన సినిమాల్లో సుమోలు ఎగిరాయి, కొడవళ్లు మెరిశాయి, హాల్లో ఈలలు పడ్డాయి. మొగుణ్ణి పోగొట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని ఊరొదిలిన ఆడమనిషి ఎన్ని సినిమాల్లో రెండు నిమిషాలు కనిపించింది? హింసను వేడుక చేయకుండా, చూసేవాణ్ణి పక్కకు తప్పుకోనివ్వకుండా చూపడం ఎలాగో మలానీ చేసి చూపారు. వెలుతురును, నీడను ఎరిగిన చేతులు మనకూ ఉన్నాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ చేతులు ఇప్పుడు బతుకుదెరువుకు లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నాయి. అవి అందంగానే ఉంటాయి. కానీ రామాయణం ఆడిన ఆ తోలు మీద సీమ ఆడవాళ్ల కథ కూడా ఆడాలి. ఆ ఆట చూసేటప్పుడు మన నీడ కూడా తెర మీద పడాలి.