శిస్తు లెక్కల్లో పూర్వీకులు

కృష్ణా డెల్టాలో ముత్తాతకు పై తరాల పేర్లు తెలుసుకోవాలంటే అందుబాటులో ఉన్న ఆధారాల్లో అన్నిటికన్నా గట్టివి రెవెన్యూ లెక్కలు. గయలోనో కాశీలోనో పండాల చిట్టాల్లో పేర్లు రాయించుకున్న కుటుంబాలు కొన్నే. జనన మరణాల నమోదు పల్లెల్లో చాలాకాలం అంతంతమాత్రంగానే సాగింది. శిస్తును మాత్రం సర్కారు ఏ ఏడూ మరిచిపోలేదు. ఏ పొలానికి ఎవరు ఎంత కట్టాలో రాసిపెట్టుకుంది. వంశకీర్తి కోసం రాసినవి కావు కాబట్టి ఈ లెక్కల్లో పొగడ్త ఉండదు. శిస్తుతో సంబంధం లేని మనిషీ ఉండడు. వెతికేవారు ఈ రెండూ గుర్తుంచుకుని మొదలుపెట్టాలి.

వెతుకులాటలో మొదటి సూత్రం, మనిషి కన్నా పొలాన్ని వెంబడించడం. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఒక ఊళ్ళో నలుగురికి ఉండొచ్చు. సర్వే నంబరుకు ఆ చిక్కు లేదు. విజయవాడ పడమటి అంచున ఉన్న భవానీపురం సంగతే చూడవచ్చు. ఇది 1985లో నగరపాలక సంస్థలో కలిసే దాకా గ్రామ పంచాయతీ. ఈనాటి డోరు నంబరు, వీధి పేరు, అపార్ట్‌మెంటు పేరు పట్టుకుని వెనక్కి పోతే ఎక్కడికీ చేరలేం. స్థలం లింకు డాక్యుమెంట్లలో ‘ఆర్.ఎస్. నెం.’ అని ఉండే రీసర్వే నంబరే పాత ఊరి పొలానికి దారి.

ఆ నంబరుతో చూడవలసిన మొదటి పుస్తకం ఆర్.ఎస్.ఆర్., అంటే రీసర్వే, రీసెటిల్‌మెంటు రిజిస్టరు. తెలుగు, ఇంగ్లిషు రెండింటిలో ఉన్న ప్రతిని రెవెన్యూవాళ్ళు డైగ్లాట్ అంటారు. పాత సర్వే నంబరు, కొత్త నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, నీటి వనరేది, నేల తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరుసగా గళ్ళలో ఉంటాయి. వీటిలో పాత నంబరు గడి చాలా విలువైనది. దాన్ని పట్టుకునే అంతకు ముందటి రిజిస్టరులోకి దిగాలి. పొలాలు చీలినచోట నంబరు పక్కన అక్షరమో అంకో చేరుతుంది. అన్నదమ్ములు పంచుకున్న కాలం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. మాగాణి గడి మరో కబురు చెబుతుంది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువ నీళ్ళు పారిన మెట్ట చేలు మాగాణి కింద చేరాయి, శిస్తు పెరిగింది. ఒక కుటుంబం వరి వైపు మళ్ళిన కాలం అలా అంచనాకు వస్తుంది.

ఏటా కరణం రాసిన అడంగల్‌లో పొలంవారీ సాగు, 10(1) లెక్కలో పట్టాదారువారీ భూమి ఉంటాయి. వీటిలో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. జులై 1న మొదలయ్యే ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ వరకు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. తండ్రి పోయిన ఇరవై, ముప్పై ఏళ్ళకు కూడా పట్టా ఆయన పేరునే నడవడం పల్లెల్లో మామూలు. లెక్కలో పేరు ఉన్నంత మాత్రాన మనిషి బతికి ఉన్నట్టు కాదు. పేరు మారిన ఏడాదినే చావు ఏడాది అనుకున్నా పొరపాటే.

వెనక్కి వెళ్ళేకొద్దీ తేలవలసిన ప్రశ్న ఒకటుంది: ఊరు సర్కారుదా, జమీందారుదా? 1802 నాటి శాశ్వత పరిష్కారం కింద జమీందార్లు ఈస్టిండియా కంపెనీకి ఏటా పేష్కష్ కట్టేవారు. సర్కారు లెక్కలో జమీందారు ఒక్కడే కనిపిస్తాడు. కింద దున్నిన రైతు పేరు ఎస్టేటు దివాణం లెక్కల్లో ఉండిపోయింది. అందుకే చల్లపల్లి, నూజివీడు, ఉయ్యూరు వంటి ఎస్టేట్ల ఊళ్ళవారికి దారి తొందరగా తెగుతుంది. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వారి పేర్లు సర్కారు పుస్తకాల్లోకి బాగా ఎక్కాయి. సర్కారుకు నేరుగా శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ళవారి పని ఇంతకన్నా సులువు.

జిల్లా పేరూ మోసం చేస్తుంది. 1859లో మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు జిల్లాలను సర్ది కృష్ణా, గోదావరి జిల్లాలు చేశారు. గుంటూరు మళ్ళీ విడి జిల్లా అయింది 1904లో. ఆ మధ్య నలభై అయిదేళ్ళలో తెనాలి పొలం కాగితం మీదా కృష్ణా జిల్లా అనే ఉంటుంది. 2022లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది.

వంశం కోసం వెతికేవారికి అసలు నిధి ఇనాం ఫెయిర్ రిజిస్టరు. పూర్వ ప్రభువులు, జమీందార్లు ఇచ్చిన మాన్యాలను తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ‘ఈ భూమి మీకెలా వచ్చింది?’ అన్నది విచారణ కాబట్టి జవాబు తప్పనిసరిగా వంశావళి అయింది. మాన్యం ఎవరిచ్చారు, ఎప్పుడు, మొదట ఎవరికి, పాత రిజిస్టరులో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వారి వయసెంత, కాపురమెక్కడ, మొదటి గ్రహీతకు ఏమవుతారు: ఇవన్నీ గళ్ళు. 1860 ప్రాంతంలో అరవై ఏళ్ళ మనిషి తన తాతకు వచ్చిన మాన్యం గురించి చెప్పాడంటే కథ పద్దెనిమిదో శతాబ్దం నడిమికి చేరినట్టే. ఇవి అగ్రహారీకులకే పరిమితం కాదు. ఊరి కొలువు చేసిన మంగలి, చాకలి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, వెట్టి మాన్యాలు, గుడి అర్చకుల, దేవదాసీల మాన్యాలు, మసీదు, పీర్ల పంజా మాన్యాలు కూడా ఇందులో ఉన్నాయి. చెరువు తవ్వించినవారికి దశబంధం మాన్యం ఉంది. రైతు కన్నా ఊరి చాకలి వంశమే ఇంకో రెండు తరాలు వెనక్కి దొరికే సందర్భాలు ఇందువల్ల వస్తాయి.

ఇనాముల మీద కమిషన్ కట్టిన స్వల్ప శిస్తును ఇంగ్లిషులో క్విట్‌రెంట్ అన్నారు, ఊళ్ళలో జోడి అన్నారు. ఇదే పేరుగల పన్ను అమెరికాలో ఇంగ్లండు వలసల్లోనూ ఉండేది. వర్జీనియాలో 1704 నాటి క్విట్‌రెంట్ జాబితా కౌంటీలవారీగా ఎవరికి ఎన్ని ఎకరాలో చెబుతుంది. అక్కడ వంశాన్వేషకులు ఆ జాబితాను భూమి పత్రాలతో, ఇరుగుపొరుగు పేర్లతో పోల్చి చూస్తారు. డెల్టాలోనూ పద్ధతి అదే.

ఇరుగుపొరుగు ఎక్కువగా దొరికేది రిజిస్టరు దస్తావేజుల్లో. 1864 నాటి చట్టంతో మొదలైన ఈ నమోదు 1908 చట్టం కింద నేటికీ నడుస్తోంది. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో 1వ పుస్తకంలో ఉంటాయి. ఇండెక్సులు రెండు, ఒకటి పేర్లతో, రెండోది ఆస్తితో. కంప్యూటరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఇండెక్సు పుస్తకాలు తిప్పించాల్సిందే. పాత క్రయ దస్తావేజు తాలూకా, ఊరు, కులం, వృత్తి, తండ్రి పేరు చెప్పాకే అసలు సంగతికి వస్తుంది. చివర హద్దులు: తూర్పు ఫలానా వారి మాగాణి, దక్షిణం పంట బోదె, పడమర నా పినతండ్రి కుమారుడి భాగం, ఉత్తరం డొంక. ఆ పడమటి హద్దుతో ఒక పినతండ్రి, అతని కొడుకు, ఒక పంపకం తేలాయి. సాక్షి సంతకాల్లో బావమరుదులూ వియ్యంకులూ ఉంటారు. శిస్తు పుస్తకాల్లో అరుదైన ఆడవాళ్ళు కూడా ఇక్కడ కనిపిస్తారు. కూతురికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన దస్తావేజు ఆమె అత్తింటి పేరు చెబుతుంది. మైనరు కొడుకు తరఫున వేలిముద్ర వేసిన తల్లి పేరు, మనోవర్తి పొందిన వితంతువు పేరు మరెక్కడా దొరక్కపోవచ్చు. దత్తత పత్రం చూడకుండా ఇంటిపేరు ఒక్కదాన్నే నమ్మి పైకి వెళితే వేరే వంశంలో తేలే ప్రమాదం ఉంది.

ఇంకా పైకి వెళ్ళాలనుకునేవారికి కైఫీయత్తులు ఉన్నాయి. కల్నల్ కాలిన్ మెకంజీ ఆధ్వర్యంలో ఏలూరువారైన కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా సేకరించిన చరిత్రలివి. ఊరి కరణీకం ఎవరి వంశానిదో, ఏ దేవుడికి ఎంత మాన్యమో వీటిలో కుచ్చెళ్ళ (పాత భూమి కొలత) లెక్కన ఉంటుంది. అయితే పూర్వం గోపరాజు రామన్న అనే మంత్రి కరణీకాలు పంచిపెట్టాడనే కథ ఊరూరా తిరుగుతుంది. దాన్ని ఐతిహ్యంగానే తీసుకోవాలి, వంశవృక్షంలో మొదటి మెట్టుగా వేసుకోకూడదు.

ఈ లెక్కలు చూపని జనమే ఎక్కువ. పాలేర్లు, కూలీలు, నోటిమాట కౌలుదార్లు ఎక్కడా లేరు. మాలపల్లె, మాదిగపల్లె కుటుంబాల్లో వెట్టి మాన్యం ఉన్నవారు తప్ప మిగతావారికి ఈ దారి దాదాపు మూసే ఉంది. కృష్ణ ఒడ్డు లంకల్లో పాట పాడి కౌలుకు చేసినవారికీ పట్టా లేదు, వరదకు లంక రూపే మారిపోయేది. మగ్గాల మీద, దుకాణాల మీద వేసిన మొహతర్ఫా పన్ను 1860 ప్రాంతంలో రద్దయింది కాబట్టి నేతవారి పేర్లు కూడా అంతటితో ఆగుతాయి.

1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక లెక్కలు మండల ఆఫీసులకు చేరాయి. తాతలనాటి కవిలెకట్టలు కొన్ని కరణాల ఇళ్ళలోనే ఉండిపోయాయి. పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత చదవగలిగినవారు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఇంట్లో భోషాణంలో పాత కాగితాలు ఉన్నవారు వాటిని పారేయకుండా, ఆ రాత వచ్చిన పెద్దలు ఉండగానే చదివించి, సర్వే నంబర్లతో సహా ఎత్తిరాసుకోవాలి.