గోల మధ్య సాధన

ఈవేళ కన్సర్వేటరీ అంటే పెద్ద సంగీత కళాశాల, లేదా చలిదేశాల్లో మొక్కలు పెంచే అద్దాల గది. 16వ శతాబ్దపు నేపుల్స్‌లో మాత్రం అది అనాథాశ్రమం. ఆ ఊళ్లో అలాంటివి నాలుగు వెలిశాయి. 1537లో పుట్టిన సాంతా మరియా ది లోరెటో వాటిలో పాతది. దిక్కులేని పిల్లలకు తిండి పెట్టి, బతకడానికో పని నేర్పేవారు. రానురాను ఆ పని సంగీతమైంది. చర్చిల్లో, ఊరేగింపుల్లో, శవయాత్రల్లో పాడి పిల్లలే ఆశ్రమానికి డబ్బు తెచ్చేవారు.

పిల్లలకు వయొలిన్ నేర్పుతుంటాను కనుక నా ధ్యాసంతా వాళ్ల సాధన మీదే. 1770లో ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ ఆ నాలుగింటిలో ఒకటైన సాంట్ ఒనోఫ్రియోకు వెళ్లాడు. ఒక్క గదిలో ఏడెనిమిది హార్ప్సికార్డులనే మీటల వాయిద్యాలు, అంతకు మించి వయొలిన్లు, పాడేవాళ్లు. ఎవరి పాఠం వారిది, ఎవరి శ్రుతి వారిది. వాయించేవాళ్లు కూర్చోవడానికి మంచాలే ఆధారం. బాకా ఊదే కుర్రవాడు మెట్లమీద. చలికాలంలో తెల్లవారడానికి రెండు గంటల ముందే లేవాలి. ఆ కష్టాన్ని నేను మెచ్చుకోలేను.

ఈ గోలలో తన భాగాన్ని గట్టిగా పట్టుకోవడం అలవడుతుందని, నగిషీ మాత్రం రాదని బర్నీ రాశాడు. మొదటిమాట అక్షరాలా నిజం. రెండోదే ఒప్పుకోలేను. ఆ ఆశ్రమంలోనే పైసియెల్లో చదివాడు, యూరప్ రాజాస్థానాలు కోరి పిలిపించుకున్న స్వరకర్త అయ్యాడు.

ఆ ఆశ్రమాల పాఠాల్లో నాకు ప్రాణం పార్టిమెంటో. గురువు మంద్రస్వరాల వరుస ఒక్కటే రాసిచ్చేవాడు. దానిమీద రావలసిన సంగీతమంతా కుర్రవాడు అప్పటికప్పుడు అల్లుకోవాలి. మన కల్పనస్వరం లాగే, నియమాలు వేళ్లలోకి ఇంకితే తప్ప అది పలకదు. పక్కవాడి తప్పొప్పులు వింటూ పెరిగినవాడికి అది త్వరగా అబ్బుతుందని నా నమ్మకం. కన్సర్వేటరీ ఈనాటి కళాశాలగా మారడం మాత్రం తర్వాతి మాట: 1795లో పారిస్‌లో ప్రభుత్వమే కన్సర్వేటరీ పెట్టింది. పేరు ఇటలీదే, చదువు మాత్రం అనాథల కోసం పెట్టింది కాదు.

మా పిల్లవాడికి విడిగా గది ఇవ్వండని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఇస్తాను, గమకం నిలదొక్కుకునేదాకా. ఆ తర్వాత హాల్లోకే పిలుస్తాను. పక్కన ఒకరు మోహన వాయిస్తుంటే తన కల్యాణిని చెదరకుండా వినిపించమంటాను.