రెండున్నర మీటర్ల అబద్ధం

హైదరాబాద్ ఉప్పల్ రింగురోడ్డులో రెడ్ సిగ్నల్ పడ్డాక ఒక్క నిమిషం నిలబడి చూడండి. బస్సుకీ లారీకీ మధ్య సందు మిగిలితే బైకు దూరుతుంది. బైకు పట్టకపోతే దాని ముందు చక్రమైనా దూరుతుంది. చెయ్యెత్తిన మనిషి కోసం బోడుప్పల్ షేర్ ఆటో కుడి నుంచి ఎడమకు అడ్డంగా కోసేస్తుంది. ఈ స్వభావాలన్నిటినీ కంప్యూటర్‌కు తెలిసే వాక్యాల్లో రాసే విద్య ఒకటుంది. నా దృష్టిలో అది వ్యాకరణమే.

1992లో నాగెల్, ష్రెకెన్‌బర్గ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు దానికి నాలుగే సూత్రాలు చెప్పారు: వీలైతే వేగం పెంచు, ముందు బండి దగ్గరైతే తగ్గించు, అప్పుడప్పుడు ఊరికే కాస్త తగ్గించు, కదులు. ఆ మూడోదే అద్భుతం! మనిషి పరధ్యానమది. అదొక్కటి చాలు, రద్దీ రోడ్డు మీద గుంత లేకుండా, ప్రమాదం జరగకుండా జామ్ దానంతటదే పుట్టి వెనక్కి పాకుతుంది. జర్మనీలో తయారైన సుమో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పరధ్యానం పేరు సిగ్మా. విలువ సున్నా నుంచి ఒకటి దాకా. పక్కకు తోసుకొచ్చే గుణానికీ, రెడ్ పడ్డాక కూడా ఎన్ని సెకన్ల వరకు దూసుకుపోతాడన్నదానికీ విడివిడిగా మాటలున్నాయి.

అయితే ఆ వ్యాకరణం మొదట లేన్లను నమ్ముకుని పుట్టింది. మన దగ్గర లేన్ అంటే వెలిసిన తెల్లరంగు. అందుకే మనవాళ్ల పనికి చేతులెత్తి మొక్కుతాను. ఐఐటీ మద్రాసులో తమిళ్ అరసన్ బృందం తమ హెటిరోసిమ్ నమూనాలో లేన్లను చెరిపేసింది. రోడ్డంతా ఒకే చాపలా పరిచి, బండ్లను కొలతల ప్రకారం దీర్ఘచతురస్రాలుగా దాని మీద నడిపించింది. ఐఐటీ బాంబేలో టామ్ మాథ్యూ బృందం రోడ్డును పొడుగునా సన్నని పట్టీలుగా చీల్చింది. బస్సు చాలా పట్టీలు ఆక్రమిస్తుంది. బైకు కొద్ది పట్టీలతో సరిపెట్టుకుని, పట్టీ పట్టీ జరుగుతూ సందు వెతుక్కుంటుంది. సుమోలోనూ తర్వాత సబ్‌లేన్ పద్ధతి వచ్చింది. ఎవరేమన్నా నా ఓటు పట్టీలకే.

అసలు పనితనం క్యాలిబ్రేషన్‌లో ఉంది. రోడ్డు పక్క కెమెరా పెట్టి, లారీ ఎంతసేపటికి కదిలింది, బైకు ఎంత ఎడం వదిలింది అని ఒక్కొక్కటే కొలిచి అంకెలు దిద్దాలి. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలిన సాయంత్రానికి సరిపోయిన అంకెలు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ వదిలిన రాత్రికి పనికిరావు.

మరి ఇప్పుడు చాలామంది చేస్తున్నదేమిటి? సాఫ్ట్‌వేర్ తెరవడం, అందులో ముందే ఉన్న అంకెల్ని ముట్టుకోకపోవడం, త్రీడీ బొమ్మ తిప్పి చూపించడం! ఒక ప్రదర్శనలో అలాంటి ఉప్పల్‌ను చూశాను. ఆటో ఎక్కడా ఆగలేదు. రాంగ్ రూట్లో ఒక్కడూ రాలేదు. రోడ్డు దాటే మనిషే లేడు. ఆ మనుషుల కోసమే కదా అక్కడ 2023లో స్కైవాక్ తెరిచింది! కడుపు మండింది. సుమోలో ఏమీ మార్చకపోతే ఆగిన బండికీ ముందు బండికీ మధ్య ఎడం 2.5 మీటర్లు. ఉప్పల్‌లో రెండున్నర మీటర్లా? ఆ జాగాలో మూడు బైకులు అడ్డంగా నిలబడతాయి. ఆ అబద్ధం మీద ఫ్లైఓవర్లు లెక్కగడితే ఎవరు బాధ్యులు?

ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలారా, సుమోకు పైసా అక్కర్లేదు. ఒక్క సాయంత్రం రింగురోడ్డులో ఫోన్ కెమెరాతో నిలబడండి. ముందు ఆ 2.5ను చెరిపి, మీరు కొలిచింది రాయండి.