తూములు తెరుచుకున్న పన్ను

ఎండాకాలం మా నస్రుల్లాబాద్‌లో రంజన్ నీళ్లు తాగడం ఒక సుఖం. పోయినేడు నాకు ఆ సుఖం దూరమైంది. గ్లాసు పెదవికి తగిలితే చాలు, ఎడమవైపు కోరపన్ను జివ్వుమనేది. కణత దాకా పాకి, కళ్లు గట్టిగా మూసి తెరిచేలోగా మాయమయ్యేది. పుచ్చిందేమోనని అద్దంలో చూసుకుంటే పన్ను తెల్లగా మెరుస్తోంది. ఆర్నెల్లు తల కుడివైపు వంచి నీళ్లు తాగాను. నొప్పికి దారిచ్చి బతకడంలో నేను గట్టివాణ్ని.

చివరికి బాన్సువాడలో పళ్ల డాక్టరమ్మ సన్నటి కొక్కెంతో చిగురు అంచున గీసింది. కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. "సార్, మీరు పండ్లు తోముతలేరు, గిన్నెలు తోముతున్నరు" అంది. అద్దం చేతికిచ్చి చూపించింది. చిగురు జరిగిపోయి, పన్ను మొదట్లో గోరు ఆనేంత గాడి. చెట్టు మొదలుకు గొడ్డలి తొలి దెబ్బ పడ్డట్టుంది. నాది కుడిచేతి వాటం, బ్రష్ ముందుగా, బలంగా పడేది అక్కడే.

ఈ బలం చిన్నప్పుడు నేర్చుకున్నది. నాయిన యాపపుల్లను ఓపిగ్గా నమిలి కుంచె చేశాకే పళ్లకు ఆనించేవాడు. మాకు అంత ఓపిక ఏది? బొగ్గు, ఉప్పు, ఎర్ర పండ్లపొడి, ఏది దొరికితే అది వేలికద్దుకుని గరగరా రుద్దేవాళ్లం. ఆ గరగరే శుభ్రమనుకున్నాం. బ్రష్ వచ్చాకా చెయ్యి మారలేదు. దుకాణంలో 'హార్డ్' అని రాసున్నదే అడిగి కొనేవాణ్ని. నెల తిరక్కముందే దాని కుచ్చు నాటిన మర్నాటి వరినారులా అటూ ఇటూ వాలిపోయేది. అది చూసి, ఎంత శ్రద్ధగా తోముతున్నానో అని మురిసిపోయేవాణ్ని.

పంటి పైభాగానికి ఎనామిల్ అనే గట్టి పెంకు ఉంటుంది. వేరుకు అది లేదు, చిగురే దుప్పటి. చిగురు జరిగితే లోపలి డెంటిన్ బయటపడుతుంది. అందులో కంటికి కనిపించని సన్న గొట్టాలు, చదరపు మిల్లీమీటరుకు వేలల్లో. వాటి నిండా ద్రవం. చల్లనిది తగిలితే ఆ ద్రవం కదులుతుంది, లోపలి నరం ఉలిక్కిపడుతుంది. 1960లలో స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ఈ సంగతిని ప్రయోగాలతో నిలబెట్టాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లు చూస్తూ పెరిగినవాడికి ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. తూములన్నీ తెరుచుకున్నాయి, నీళ్లు కదిలినప్పుడల్లా లోపల నీరటికాడు కేక పెడుతున్నాడు.

సెన్సిటివ్ పేస్టులు చేసేది రెండు పనుల్లో ఒకటి. పొటాషియం నైట్రేట్ ఉన్నవి నీరటికాణ్ని శాంతపరుస్తాయి. స్ట్రాన్షియం, ఆర్జినైన్ లాంటివి ఉన్నవి తూములకు మట్టి వేస్తాయి. ఏదైనా రెండు పూటలా, కొన్ని వారాలు వాడితేనే గుణం. నేను అంతకుముందే ఓ ట్యూబు కొని, నాలుగు రోజులు వాడి, అంతా మోసమని పారేశాను. ఆ నాలుగు రోజులూ చేతిలో ఉన్నది మళ్లీ ఆ హార్డ్ బ్రష్షే. పూడుస్తూ తవ్వుకున్నాను.

ఇంకో తప్పు కూడా పట్టింది డాక్టరమ్మ. రాత్రి పచ్చిపులుసుతో నాలుగు ముద్దలు తిని, వెంటనే బ్రష్ అందుకోవడం నా అలవాటు. పీహెచ్ 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. చింతపండు పులుపు దానికి ఎంతో దిగువన ఉంటుంది. మెత్తబడిన పన్ను మీదనే నేను నా ప్రతాపం చూపేవాణ్నన్నమాట. పచ్చిపులుసు మానమనలేదు, అదొక దయ. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగమంది, ఉమ్మి ఈలోగా తన పని తాను చేసుకుంటుందట.

చల్లటిది మింగాక కూడా నొప్పి నిలిచినా, రాత్రి నిద్రలో లేపినా, కొరికితే కలుక్కుమన్నా అది ఈ జివ్వు కాదని, లవంగ నూనెతో రోజులు నెట్టకుండా వెంటనే రమ్మని మరీ మరీ చెప్పింది.

ఇప్పుడు బ్రష్‌ను పెన్ను పట్టినట్టు పట్టుకుంటున్నాను. మెత్తటి కుచ్చు, చిగురు వైపు కొంచెం వాలుగా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ. మొదటి వారమంతా తోమినట్టే అనిపించలేదు. గాడి పూడలేదు, తనంతట పూడదు కూడా. కానీ రంజన్ దగ్గర తల వంచడం మానేశాను.

మూడు నెలలయ్యాక మా ఆమె నా బ్రష్ తీసి వెలుతురుకు పెట్టి చూసింది. కుచ్చు కొన్ననాటిలాగే నిటారుగా ఉంది.

"అసలు పండ్లు తోముకుంటున్నవా లేదా?" అంది.