ఎకో మైనస్ ఎన్

నాచారం పారిశ్రామికవాడలో ఒక దుకాణంలో ఎం8 బోల్టు కొని, దానికి నట్టు ఇంకో దుకాణంలో, ఇంకో కంపెనీది కొన్నా పడుతుంది. మామూలు ఎం8 అంటే పిచ్ 1.25 మిల్లీమీటర్లని అందరూ ఒప్పుకున్నారు. అది ఏ లేత్ మీద తయారైందో ఎవరికీ పట్టదు.

నా జీతం కూడా అలాంటి ఒప్పందం మీదే నడుస్తుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో కమాండ్లు ఎలా నడవాలో చెప్పే ఆ ఒప్పందం పేరు పోసిక్స్. ఉప్పల్లో కూర్చుని రాత్రిపూట వేరే దేశాల సర్వర్ల బాగోగులు చూసే ఉద్యోగం మాది. అవతల ఉన్నది లినక్స్ కావచ్చు, ఐబీఎం వారి ఏఐఎక్స్ కావచ్చు, కదిపితే ఏమవుతుందోనని అందరూ భయపడే సొలారిస్ 10 కూడా కావచ్చు. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేసే అధికారం మనకుండదు. అక్కడున్న గ్రెప్, సెడ్, ఆక్ లాంటి కమాండ్లతోనే తెల్లారేలోగా పని కానివ్వాలి.

కొత్తగా చేరినవాళ్ళ నోట తరచు వినే మాట ఒకటుంది: "అన్నా, నా లాప్‌టాప్‌లో నడిచింది గదా!" నడుస్తుంది. సెడ్‌కు మైనస్ ఐ తగిలిస్తే లినక్స్‌లో ఫైలు ఉన్నచోటే మారుతుంది. మ్యాక్‌లోనైతే ఆ వెనక వచ్చే మాటను బ్యాకప్ ఫైలుకు తోకగా తీసుకుంటుంది. పోసిక్స్‌లో ఆ ఆప్షనే లేదు. ఫలితాన్ని వేరే ఫైలులో రాసి, దాన్ని పాతదాని స్థానంలోకి జరపడమే ఎక్కడైనా చెల్లే పద్ధతి. రెండు వరుసలు ఎక్కువ, అంతే.

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టి, తర్వాత ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి బీఎస్‌డీ అని రెండు వంశాలుగా చీలింది. దాయాదుల మధ్య రాజీగా ఐట్రిపుల్‌ఈ 1988లో తొలి పోసిక్స్ ప్రమాణాన్ని వెలువరించింది. పేరు సూచించినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. షెల్లుకూ కమాండ్లకూ సంబంధించిన భాగం 1992లో వచ్చింది. రాజీ అన్నిచోట్లా ఫలించలేదు. ఫైళ్ళను మూటకట్టడానికి టార్ గొప్పదా, సీపీఐఓ గొప్పదా అన్న తగువు తెగక పాక్స్ అనే మూడో పనిముట్టును ముందుకు తెచ్చారు. ఇప్పటికీ అందరూ టారే వాడుతున్నారు!

నాకు ఆ ప్రమాణంలో ఎక్కువ ఇష్టమైన చోటు ఎకో గురించి రాసిన భాగం. ఎకో మైనస్ ఎన్ అంటే బీఎస్‌డీ వంశంలో మాటను చూపించి కొత్త వరుసకు దిగకుండా ఆగుతుంది. సిస్టమ్ ఫైవ్ వంశంలో "మైనస్ ఎన్" అన్నదాన్ని కూడా మాటగానే తెర మీద చూపిస్తుంది. ఏది ఒప్పు? కమిటీ తీర్పు చెప్పలేదు. అది తయారుచేసినవారి ఇష్టమని రాసి, నమ్మకంగా ఉండాలంటే ప్రింట్‌ఎఫ్ వాడుకోమంది. దీన్ని పిరికితనం అనేవాళ్ళున్నారు. నాకు నిజాయితీ అనిపిస్తుంది. ఒకదాన్ని ఒప్పంటే రెండో వంశంలో అప్పటికే నడుస్తున్న స్క్రిప్టులన్నీ కూలేవి. ప్రమాణం ఎక్కడ మాట ఇచ్చిందో చాలామంది చదువుతారు. ఎక్కడ ఇవ్వలేదో చదివినవాడి స్క్రిప్టు మాత్రం పదేళ్ళయినా నిలుస్తుంది.

మాట ఇచ్చినచోట కూడా అందరూ వినరు. డీఎఫ్ డిస్కు లెక్కను 512 బైట్ల ముక్కల్లో చెప్పాలని ప్రమాణం. ఏఐఎక్స్ అలాగే చెబుతుంది. లినక్స్‌లో ఉండే జీఎన్‌యూ పనిముట్లు మాత్రం 1024 బైట్ల చొప్పున చెబుతాయి, పోసిక్స్‌లీ కరెక్ట్ అనే వేరియబుల్ పెడితేనే దారికొస్తాయి. మైనస్ కే తగిలిస్తే రెండూ 1024 దగ్గర కలుస్తాయి. మా బృందంలో మైనస్ కే లేని డీఎఫ్ కనిపిస్తే రివ్యూ అక్కడే ఆపేస్తాం.

అంతా లినక్సే అయిపోయింది, ఇంకా ఈ చాదస్తం ఎందుకని అడుగుతారు. 2006లో ఉబుంటు 6.10 తన షెల్లు ఎస్‌హెచ్‌ను బాష్ నుంచి డ్యాష్‌కు మార్చినప్పుడు, ఎస్‌హెచ్ అని పేరు పెట్టుకుని లోపల బాష్ యాస మాట్లాడిన స్క్రిప్టులెన్నో పడిపోయాయి. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో రస్ట్ భాషలో తిరగరాసిన పనిముట్లు పెట్టారు. ఒక ఫైలు ఎప్పుడు మారిందో చెప్పాల్సిన డేట్ మైనస్ ఆర్, అందులో ఇప్పటి టైమే చెప్పింది. దాంతో ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ ఆగింది. ఆ మైనస్ ఆర్ పోసిక్స్‌లో లేదు. స్క్రిప్టు పడిపోవడానికి యంత్రం మారనవసరం లేదు, ఒకే యంత్రం కాలంతోపాటు మారినా చాలు.

తెలుగు దగ్గరికొస్తే కథ వేరు. ఉప్పల్, నాచారం రెండూ యూనికోడ్‌లో ఆరేసి సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 18 బైట్లు. కట్ అనే కమాండు మైనస్ బీ అంటే బైట్లను, మైనస్ సీ అంటే అక్షరాలను లెక్కపెట్టాలన్నది ప్రమాణం. జీఎన్‌యూ కట్ ఏళ్ళ తరబడి రెంటినీ ఒకటిగానే చూసింది. మైనస్ సీతో నాచారంలో మొదటి మూడు అడిగితే మ్యాక్ "నాచ" ఇస్తుంది. ఉబుంటు ఒక్క "న" ఇచ్చేది. నాలుగు అడిగితే "న" పక్కన తెగిన బైటు ఒకటి ప్రశ్నార్థకంగా మిగిలేది. ఫెడోరా వాళ్ళు సొంతంగా ప్యాచ్ వేసుకున్నారు. ఇంగ్లిషులో ఒక అక్షరానికి ఒక బైటే కాబట్టి ఈ లోపం అక్కడివాళ్ళ కంట పడేది కాదు. పోనీ ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించినా, ఉప్పల్‌లో మొదటి మూడు సంకేతాలూ తీస్తే "ఉప్" దగ్గర ఆగుతుంది. ఒత్తు సంగతి పోసిక్స్‌కు తెలియదు.

అందుకే తెలుగు ఫైళ్ళను మేం లెక్కపెట్టి కోయం. గడుల మధ్య ట్యాబ్ పెట్టి, కట్ మైనస్ ఎఫ్‌తో విడదీస్తాం. యూటీఎఫ్-8లో ట్యాబ్ బైటు ఏ తెలుగు అక్షరం లోపలా రాదు గనక ఏఐఎక్స్ అయినా, ఉబుంటు అయినా నాచారం నాచారంలాగే బయటికొస్తుంది.