మడమకంటిన సున్నం

మా గోదావరిఖనిలో కూతలు రెండు. ఒకటి షిఫ్టు మారేటప్పుడు వినపడే సైరన్‌ది, రెండోది సాయంత్రం కబడ్డీ కోర్టులోది. మొదటి కూతకు నాన్న బొగ్గుబాయికి పోయేవాడు. రెండో కూతకు నేను పుస్తకాలు పక్కన పడేసేవాణ్ని.

నేను ఎడమ కార్నర్‌. ఏడుగురం ఉన్నప్పుడు అందరం మొనగాళ్లమే. ముగ్గురం మిగిలినప్పుడు తెలిసేది అసలు ఆట. మన సగం లోతు 6.5 మీటర్లు, లాబీలు పోను వెడల్పు 8 మీటర్లు. ఏడుగురికి ఇరుకైన ఆ నేల ముగ్గురికి ఎంతకీ చాలదు. ముందు రైడర్‌, వెనక గీత. ఆ గీత దాటి కాలు పడితే ఎవరూ ముట్టకుండానే అవుట్‌.

ఓ పోటీలో నాకదే జరిగింది. రైడర్‌ ఉత్తుత్తిగా కాలు విసిరాడు, నేను ఒక్క ఉదుటున వెనక్కి జరిగాను. విజిల్‌. కిందికి చూస్తే మడమకు గీత సున్నం. ఆట అయ్యాక మా సీనియర్‌ అన్న ఒకటే మాటన్నాడు: ‘‘గీత దిక్కు ఎందుకు ఉరికినవ్‌ తమ్మీ? వాడు ఇంటికి పోయే తొవ్వ అటు కాదు గదా!’’

ఆ మాట అర్థం కావడానికి నాకు ఓ సీజన్‌ పట్టింది. ఆరుగురికంటే తక్కువ ఉంటే బోనస్‌ లేదు. పాయింట్‌ కావాలంటే వాడు లోపలికొచ్చి ముట్టాల్సిందే. 30 సెకన్లలో మళ్లీ నడిగీతకు చేరాల్సిందే. కాబట్టి రానివ్వాలి. బరువు మునివేళ్ల మీద ఉంచి, వాడి చేతిని కాక పాదాన్ని చూడాలి. వాడు ముట్టడానికి సాగి ఒంటికాలి మీద నిలిచిన క్షణంలో చీలమండ అందుకోవాలి. ఒక్క క్షణం ఆపితే చాలు, మిగతా ఇద్దరూ తొవ్వ మూసేస్తారు. ప్రో కబడ్డీలో అయితే ఆ పట్టుకు 2 పాయింట్లు.

రగ్బీలో ఇది తలకిందులు. ట్రై లైన్‌ మీద బంతి ఆనిస్తే 5 పాయింట్లు, అంటే వాడి గమ్యం మన వెనకే ఉంది. అక్కడ రానివ్వకూడదు. ఆటగాళ్ల గుంపులోంచి బంతి బయటపడగానే మన వరుసంతా ఒక్కసారిగా ముందుకు ఉరకాలి. ఆట ఏదైనా, వాడు ఎటు పోవాలో తెలిశాకే మన అడుగు.

నెహ్రూ స్టేడియం వైపు వెళ్లినప్పుడు పిల్లల ఆట కనబడితే ఆగుతాను. అందరూ రైడర్‌ను చూస్తారు. నా చూపు మాత్రం మిగిలిన ముగ్గురి మడమల మీదే ఉంటుంది. మ్యాట్‌ మీద సున్నం అంటదని తెలిసినా.